పడవలో రెండవ బ్యాటరి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున చదువరులను పోషించుచు వచ్చిన సంస్థకు నేడు రజతోత్సవము. ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చి మాటలాడుట పరిపాటి. కాని కార్యవర్గమువారు "మా పడవలవారికి పనికివచ్చు సంగతి యేదైన చెప్పుడు" అని కోరిరి. ఆ కోరిక నాకు మిక్కిలి సమంజసముగా తోచినది. గ్రంథాలయమునకును పడవకును మనలో పాత చుట్టరికమే యున్నది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు నడిపిరి. నాడు పడవ పుస్తకమును మోసినది. నేడు పుస్తకపు తెలివి పడవకు అక్కఱ వచ్చినది.

మీ పిల్లలలో పలువురు హైదరాబాదులో, అమీర్‌పేట మైత్రీవనము చుట్టుపట్ల గల శిక్షణాలయములలో చదువుచు, ఆ సందులలోని హాస్టళ్లలో నివసించుచున్నారు. నేనును ఆ అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములవాడనే. అచ్చట కరెంటు పోయినప్పుడు మెట్లక్రింద నుండు ఇన్వర్టరు దీపములు వెలిగించును. దాని ప్రక్కన లావుపాటి సీసపు బ్యాటరి యుండును. అప్పుడప్పుడు దానిలో డిస్టిల్డు వాటరు పోయవలెను. ఇప్పుడిప్పుడు ఆ స్థానమున లిథియము బ్యాటరి వచ్చి చేరుచున్నది. పిల్లవాడు అమీర్‌పేటలో దీపముక్రింద చదువుకొను రాత్రియే తండ్రి సముద్రముమీద వల వేసియుండును. ఇద్దఱికిని కావలసినది ఒక్కటే: నమ్మదగిన విద్యుత్తు. అయితే కొడుకు దీపము ఆరిపోయిన ఒక పాఠము చెడును, తండ్రి బ్యాటరి ఆరిపోయిన ప్రాణమునకే మోసము రావచ్చును.

పూర్వము పడవకు ఇంజను స్టార్టు చేయుటకు తప్ప బ్యాటరితో పని లేదు. నేడు జి.పి.యస్., చేపల జాడ చూపు ఎకో సౌండరు, వి.హెచ్.యఫ్. రేడియో, ఎల్.ఇ.డి. దీపములు, సెల్‌ఫోను అన్నియు దానిమీదనే బ్రతుకుచున్నవి. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు తీరముల జాలరులు అనేకులు నడిసముద్రమున చిక్కి మరణించిరి. దూరమున నున్నవారికి హెచ్చరిక చేరకపోవుట అందులకొక ముఖ్య కారణము. ఆ పిమ్మట 2019 అక్టోబరులో "జెమిని" యను చిన్న యంత్రము వెలువడినది. గగన్ ఉపగ్రహముల ద్వారా వచ్చు తుపాను హెచ్చరికను, చేపలుండు తావుల సమాచారమును అది అందుకొని సెల్‌ఫోనునకు చేర్చును. ఆ సమాచారమును సిద్ధము చేయు ఇన్‌కాయిస్ సంస్థ సముద్రమునకు ఎంతో దూరమైన హైదరాబాదులో, అమీర్‌పేటకు వాయవ్యమున ప్రగతినగరులో నున్నది. అచ్చటి శాస్త్రజ్ఞులు ఎంత శ్రమించి హెచ్చరిక పంపినను, పడవలోని బ్యాటరి ఉడిగిపోయినచో ఆ మాట వినువాడు లేడు.

చిక్కెక్కడనో చూడుడు. బ్యాటరి ఒక్కటే యున్న పడవలో రాత్రియెల్ల దీపములు, యంత్రములు నడచినచో తెల్లవాఱుజామున ఇంజను తిరుగదు. ఇంజనుకొఱకు దాచుకొన్నచో దీపము, రేడియో మానుకొనవలెను. చీకటిలో దీపము లేని పడవను ఓడలు గుద్దును. ఇంజను లేని పడవను గాలి కొట్టుకొనిపోవును. ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొను దుర్గతి ఏ జాలరికిని రాకూడదు. కావున రెండు బ్యాటరులు వేఱువేఱుగా నుండవలెను. ఒకటి స్టార్టింగు బ్యాటరి, రెండవది వాడకపు బ్యాటరి. మొదటిదానిని దీపములకు ముట్టరాదు.

ఆ రెండవది ఏ జాతిది కావలెను? సీసపు బ్యాటరిని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే కనిపెట్టెను. చవకైనది, మొండిది. కాని సగమునకు మించి తోడుకొన్నచో దాని ఆయువు తఱుగును. మఱల నింపునప్పుడు కడపటి అయిదవ వంతు నిండుటకు గంటలు పట్టును. లిథియము బ్యాటరి 1991లో అంగడికి వచ్చినది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. దానిలో పలు జాతులున్నవి. పడవకు తగినది లిథియము ఐరన్ ఫాస్ఫేటు అను జాతి. తక్కిన జాతులకంటె ఇది వేడికి ఎక్కువ ఓర్చును. 100 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరి ఇంచుమించు 30 కిలోలు తూగగా, ఇది 12 కిలోల చుట్టుపట్ల నుండును. అందులో ఎనుబది పాళ్లవఱకు నిర్భయముగా వాడుకొనవచ్చును.

ఒక లెక్క వేయుదము. దీపములకు 2 ఆంపియర్లు, జి.పి.యస్.కును ఎకో సౌండరునకును 2, రేడియోకును ఫోనుకును 1, వెరసి 5 ఆంపియర్లు. పండ్రెండు గంటల రాత్రికి 60 ఆంపియరు-గంటలు. 100 ఆంపియరు-గంటల లిథియము బ్యాటరి ఒక్కటి దీనికి చాలును. సీసపుదైనచో సగమే వాడవలెను గనుక 120 ఆంపియరు-గంటలది కావలెను. ఉదయముననే తీరమునకు వచ్చు చిన్న పడవకు రెండవ సీసపు బ్యాటరియు, మార్పిడి స్విచ్చియు చాలును. అట్టివారు అప్పు చేసి లిథియము కొననక్కఱలేదు. పదునైదు దినములు, ఇరువది దినములు సముద్రముమీద నుండు విశాఖపట్టణపు సోనా బోట్లవంటివానికే ఈ వ్యయము గిట్టును.

ఇక అసలు సంగతి: దానిని నింపుట యెట్లు? చాలమంది రెండు బ్యాటరుల ప్లస్సులను ఒక్క తీగతో కలిపి, ఇంజను ఆల్టర్నేటరే రెంటిని నింపునని తలచెదరు. ఇది తగదు. లిథియము బ్యాటరి లోపలి నిరోధము మిక్కిలి తక్కువ. ఆకలిగొన్నవాడు విస్తరిమీద పడినట్లు అది ఆల్టర్నేటరు ఇచ్చినదంతయు ఒక్కపెట్టున లాగుకొనును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు ఆల్టర్నేటరునకు గాలి చాలక కాగి కాలిపోవును. అంతేకాక, లిథియము బ్యాటరిలో బి.యం.యస్. అను కాపలా సర్క్యూటు ఒకటి యుండును. నాలుగు సెల్లులు కలిసిన బ్యాటరి 14.6 వోల్టులు దాటినను, 10 వోల్టులకు దిగినను, మిక్కిలి వేడెక్కినను అది తలుపు మూసివేయును. నిండుగా కరెంటు పాఱుచుండగా తలుపు మూసికొన్నచో ఆ పోటు వెనుకకు తన్ని ఆల్టర్నేటరు డయోడులను చంపును. అప్పుడు మంచి బ్యాటరి మిగిలియు, దానిని నింపు యంత్రము పోవును.

దీనికి విఱుగుడు డి.సి.–డి.సి. చార్జరు అను పెట్టె. దాని పని తెలియుటకు అమీర్‌పేట మెట్రో స్టేషనును చూడుడు. 2017 నవంబరు 29న మియాపూరు–నాగోలు నడుమ బండ్లు ప్రజలకు తెఱవబడినవి. 2018 సెప్టెంబరు 24న పంజాగుట్టమీదుగా ఎల్.బి. నగరు దారి తెఱవబడినది. అమీర్‌పేటలో ఎఱ్ఱ లైను, నీలి లైను ఒకదానిమీద నొకటి వేఱువేఱు అంతస్తులలో దాటును. పట్టాలు కలియవు, బండ్లు ఒకదాని దారికి మఱియొకటి రాదు. ప్రయాణికులు మాత్రము మెట్లమీదుగా ఒక బండినుండి మఱియొక బండికి మారుదురు. మన పెట్టె ఆ మెట్లవంటిది. స్టార్టింగు బ్యాటరిది ఒక దారి, వాడకపు బ్యాటరిది మఱియొక దారి. విద్యుత్తు మెట్లెక్కి ఇటు వచ్చును. అయితే మన మెట్లు ఒకవైపునకే నడచును, మఱల అటు పోనీయవు. ఇంజను తిరుగుచు ఆల్టర్నేటరు పోటు 13.3 వోల్టుల ప్రాంతమునకు వచ్చిన పిమ్మటనే అది పని చేయును. ఇంజను ఆగగానే తానును ఆగును. కావున రాత్రి దీపములు ఎంత వెలిగినను ఇంజను బ్యాటరి చెక్కుచెదరదు.

ఆ పెట్టె ఎంతది కావలెను? ఆల్టర్నేటరు ఇయ్యగల కరెంటులో సగమునకు మించరాదు. 60 ఆంపియర్ల ఆల్టర్నేటరునకు 30 ఆంపియర్ల పెట్టె సరి. మన లెక్కలోని 60 ఆంపియరు-గంటలు అది రెండు గంటలలో నింపును. వలలు లాగి తీరమువైపు మఱలు కాలముననే పని ముగియును. ఔట్‌బోర్డు మోటారులవారి ఆల్టర్నేటరు చిన్నది గనుక, వారు ఇంతకంటె చిన్న పెట్టె కొనవలెను.

మఱి నాలుగు జాగ్రత్తలు విన్నవించెదను.

మొదటిది తీగ, ఫ్యూజు. ప్రతి బ్యాటరి ప్లస్సు దగ్గఱనే ఫ్యూజు ఉండవలెను. నడుమ ఎచ్చటనో పెట్టిన ఫ్యూజు తీగ మొదలును కాపాడదు. 30 ఆంపియర్ల పెట్టెకు 50 ఆంపియర్ల ఫ్యూజును, అయిదు మీటర్ల దూరమునకు 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగితీగయు ఉండుట మేలు. ఉప్పుగాలికి ఉత్త రాగి పచ్చబడి నశించును. తగరపు పూత గల తీగ నిలుచును.

రెండవది చార్జరు అమరిక. రేవులో కరెంటుతో నింపునప్పుడు లిథియమునకు తగిన అమరికలోనే చార్జరు పెట్టవలెను. సీసపు బ్యాటరిని అప్పుడప్పుడు ఎక్కువ పోటు పెట్టి కడుగు అమరిక, ఈక్వలైజేషన్ అందురు, లిథియమునకు విషము. అమీర్‌పేట హాస్టళ్ల ఇన్వర్టరులలో గూడ ఇదే పొరపాటు కనబడుచుండును: బ్యాటరి మార్చెదరు, ట్యూబులరు అను మీటను మార్చరు. బి.యం.యస్. తలుపు మూసికొనగా, బ్యాటరి చెడినదని దుకాణదారుతో తగవు. మేడపై సోలారు పలక పెట్టినను ఇదే నియమము.

మూడవది తావు. ఇంజను గదిలో వేడి యెక్కువ. లిథియము బ్యాటరి 45 డిగ్రీలకు మించిన వేడిలో నింపదగదు. నీడయు, గాలియు గల పొడితావున, పండుకొను చోటికి దూరముగా, కదలకుండ బిగించి యుంచవలెను. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక భవనము క్రిందిభాగమున విద్యుత్తు స్కూటర్లుండు దుకాణమున నిప్పంటుకొని, పొగ మీది లాడ్జికి ఎగబ్రాకి 8 మంది మరణించిరి. ఆ యేడు దేశమున పలుచోట్ల స్కూటరు బ్యాటరులు అంటుకొనుటచే, 2022 డిసెంబరునుండి కఠినతర పరీక్షలు అంచెలుగా అమలులోనికి వచ్చినవి. భవనమునుండి వీధిలోనికి పరుగెత్తవచ్చును. పడవనుండి ఎచ్చటికి పరుగెత్తుదుము? అందుచే పాత స్కూటరు సెల్లులు చవకగా దొరికినవని కూర్చి కట్టిన బ్యాటరిని పడవ యెక్కింపవలదు. సెల్లు ఏ జాతిదో, బి.యం.యస్. ఉన్నదో లేదో తెలియని వస్తువు సముద్రమునకు తగదు. చిన్న పడవలలో లిథియము బ్యాటరి అమర్చుటకు ఐ.ఎస్.ఓ. సంస్థ 2021లో 23625 సంఖ్యగల నియమావళిని ప్రకటించినది. అమర్చువాడు దానిని ఎఱుగునా అని అడుగుటకు వెనుదీయకుడు.

నాలుగవది నిషేధకాలము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మన తీరమున మరపడవలకు వేట లేదు. సీసపు బ్యాటరిని నిండుగా నింపి, నెలకొకమారు మఱల నింపి యుంచవలెను. లిథియము బ్యాటరిని అట్లు చేయరాదు. సగము నింపి, తీగలు విప్పి, ఇంటిలో చల్లని చోట దాచవలెను. నిండు కడుపుతో నిదురించుట సీసమునకు మేలు, సగము కడుపుతో నిదురించుట లిథియమునకు మేలు. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొన్నను బ్యాటరి ఆయువు పెఱుగును.

ఇంతయు చేసినను ఒక మాట మఱువరాదు. ఏ యంత్రమైనను ఒకనాడు మొరాయించును. వాడకపు బ్యాటరి మూతపడిననాడు ప్రాణము నిలుపుటకు చేతి టార్చియు, నిండుగా నింపిన చేతి రేడియోయు వేఱుగా నుండితీరవలెను.

సోదరులారా, ఈ వస్తువులతో వచ్చు కాగితములన్నియు ఇంగ్లీషుననే యుండును. చదువలేనివాడు దుకాణదారు మాటను నమ్మవలసినదే. ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. పడవవారు తాము కొన్న బ్యాటరి, చార్జరుల కాగితములను ఇచ్చటికి తెచ్చి యిత్తురుగాక. అమీర్‌పేటలో చదివి సెలవులకు వచ్చు పిల్లలు వానిని తెలుగున వ్రాసి పెట్టుదురుగాక. ఒక పుస్తకమున ప్రతి పడవకు ఒక పుట కేటాయించి, బ్యాటరి కొన్న తేదీ, వేటకు పోవునాటి వోల్టులు, తిరిగివచ్చిననాటి వోల్టులు వ్రాసికొన్నచో, రెండేండ్లలో ఏ వస్తువు నిలిచినదో ఏది మోసగించినదో ఊరికంతకు తెలియును. ఏ దుకాణమును అమ్మజాలని గ్రంథమది. దానిని మీరే రచింపవలెను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకము నిండి, రెండవ సంపుటము మొదలగునుగాక.