మన పింఛను – వాళ్ళ బియ్యం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా నోట్‌ఫైళ్ళు రాసినవాణ్ణి. కనుక చెప్పదలచింది కూడా ఆ మాదిరిగానే, పూర్వాపరాలతో మనవి చేస్తాను.

నేటి తీర్మానాల ముసాయిదాలో ఒక వాక్యం ఉంది. "ఉచిత పథకాలను నిలిపివేసి, ఆ సొమ్ముతో మా డి.ఏ. బకాయిలు చెల్లించాలి" అని. బకాయిల విషయంలో మీ బాధే నా బాధ. మందుల షాపు వాడు మన బకాయిలు వచ్చేదాకా ఆగడు. నా అభ్యంతరమల్లా ఆ వాక్యంలోని మొదటి సగం మీదనే.

మనం ఈ తేదీన ఎందుకు కలుస్తున్నాం? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 31-3-1979కి ముందు రిటైరైన వారికి ఒక లెక్క, తరువాతి వారికి ఒక లెక్క అన్న విభజన చెల్లదన్నది. పింఛను ప్రభువుల దయ కాదు, హక్కు అన్నది. ఆ మాట మీదే మనం తలెత్తుకొని బ్రతుకుతున్నాం.

సరిగ్గా ఆ మరుసటి ఏడే, 1983లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పెట్టింది. ఏడాదికి రూ. 6,000 లోపు ఆదాయం ఉన్నవారికి పచ్చకార్డు. మనిషికి నెలకు 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా. మా తాలూకా ఆఫీసులో ఆ కార్డుల పని నా సీటుకే వచ్చింది. టీ వేళ అంతా అదే చర్చ. ఖజానా ఖాళీ అవుతుందని ఒకరు, కూలికి ఎవరూ రారని ఒకరు, బియ్యం దొంగదారిన మళ్ళీ మిల్లుకే పోతుందని ఇంకొకరు. నేనూ ఆ పక్షమే.

ఒక ముసలమ్మ దరఖాస్తును ఆదాయ ధ్రువీకరణ సరిగా లేదని రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి వస్తే, "ఊరికే వస్తుందంటే అందరికీ బియ్యం కావలసి వచ్చింది" అని విసుక్కున్నాను. ఆమె కోపగించుకోలేదు. "ఊరికే కాదు బాబూ, రెండు రూపాయలిచ్చి కొనుక్కుంటాను. ఒకటో తారీకున నీకిచ్చేదీ సర్కారేగా?" అంది. నా దగ్గర జవాబు లేదు. కార్డు రాసిచ్చాను. నా చుట్టూ తిరిగిన రోజుల్లో ఆమెకు పోయిన కూలి మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ తప్పు నాది.

పథకంలో లోపాలు లేవని నేననను. అనర్హుల చేతుల్లో కార్డులు నా కళ్ళతో చూశాను. ఖర్చు భారమూ నిజమే. అందుకే ధర ఎక్కుతూ దిగుతూ వచ్చింది. 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండు రూపాయలు, 2011లో ఒక రూపాయి. చివరకు 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టమే చేసింది. ఎన్నికల వాగ్దానంగా మొదలైనది ముప్ఫై ఏళ్ళకు హక్కుగా మారింది.

ఇక సోమరితనం మాట. మనిషికి నెలకు 5 కిలోలంటే రోజుకు 170 గ్రాములైనా రావు. కాయకష్టం చేసేవాడికి ఒక పూట అన్నం. దానితో ఎవరు పని మానుకుంటారు? వృద్ధాప్య పింఛనులో, 80 ఏళ్ళ లోపు వారికి కేంద్రం వాటా 2007లో రూ. 200. 2024లోనూ రూ. 200. పైన కలిపేది రాష్ట్రాలే. ఆ మధ్య కాలంలో మన డి.ఏ. ఎన్నిసార్లు పెరిగిందో మీరే లెక్క వేయండి. కడుపు నిండినవాడికి గారెలు చేదని పెద్దలు ఊరికే అనలేదు.

మరొక్క మాట. 2004 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో కొత్తగా చేరిన ఉద్యోగులకు పాత పింఛను లేకుండా పోయింది. అప్పుడు చెప్పిన కారణమేమిటి? ఖజానా మోయలేదనే కదా! బియ్యం మీద మనం విసిరే రాయి ఏదో ఒకనాడు మన పింఛను మీదే పడుతుంది. ఇప్పటికే మన పిల్లల మీద పడింది.

అనర్హులను ఏరివేయమందాం. లెక్కలు బయట పెట్టమందాం. మన బకాయిలు మన హక్కుగా, తేదీలతో సహా అడుగుదాం. అంతేగాని పక్కవాడి కంచం చూపించి అడగవద్దు. ముసాయిదాలోని ఆ మొదటి సగం కొట్టివేయవలసిందిగా సవరణ ప్రతిపాదిస్తున్నాను. ఓడిపోయినా ఫరవాలేదు, మినిట్స్‌లో నమోదు చేయండి.