పాత పందెం విమానానికి తూకం



బెంగళూరులో 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ వెలిసింది. అప్పటినుంచి కోలారు, హోసూరు వైపు మన తెలుగు ఇళ్ళలో విమానాల మాట కొత్త కాదు. ఆ ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవారూ, ఎన్.సి.సి. వైమానిక విభాగంలో ఏరోమోడలింగ్ నేర్చినవారూ మనలో ఉన్నారు. అలాంటివారి ఇంట అటకమీద, పాత ట్రంకుపెట్టెల వెనక, బూజు పట్టిన చిన్న విమానం ఒకటి ఉండవచ్చు. నాలుగడుగుల రెక్క, ముక్కున బొటనవేలంత ఇంజను. సెలవులకు వచ్చిన మనవడు దాన్ని దించి, తుడిచి, “తాతయ్యా, ఇది ఎగురుతుందా?” అంటాడు.

ఎగురుతుంది. అయితే తుడవగానే ఎగరదు. మధ్యలో ఓ నెల్లాళ్ళ పని ఉంది. ఆ పని గురించే ఈ పూట చెప్పుకుందాం.

రేడియోతో నడిపే నమూనా విమానాల్లో పందేల కోసం చేసినవి వేరే జాతి. మూడు స్తంభాలు పాతి, వాటిచుట్టూ పది చుట్లు ఎవరు ముందు తిరుగుతారో చూడటం ఈ పందెం. అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్-3-డి అనే తరగతిలో చుట్టుకు 400 మీటర్లు, మొత్తం 4 కిలోమీటర్లు. ఆ విమానాలు గంటకు 300 కిలోమీటర్లు దాటిపోతాయి. ఇళ్ళలో దొరికేవి ఎక్కువగా వాటికన్నా సాధువైనవి. అమెరికాలో 1970లలో పుట్టిన క్వికీ-500 తరహావి వాటిలో ఒకటి. రెక్క వైశాల్యం 500 చదరపు అంగుళాలు, అందుకే ఆ పేరు. రెక్క చివరిదాకా ఒకే వెడల్పు, సుమారు పది అంగుళాలు. ఆరున్నర సి.సి. ఇంజను. బరువు 1,700 గ్రాముల పైమాట.

సాధువు అన్నాను గాని, ఇదీ గంటకు 160 కిలోమీటర్లు సులువుగా అందుకుంటుంది. ఫాస్ట్ బౌలరు 140 కిలోమీటర్ల వేగంతో విసిరిన క్రికెట్ బంతిలో ఎంత శక్తి ఉంటుందో, ఈ విమానంలో దానికి పద్నాలుగు రెట్లు ఉంటుంది. స్తంభం దగ్గర 25 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరిగినప్పుడు రెక్కమీద పడే భారం విమానం బరువుకు ఎనిమిది రెట్లు, అంటే పద్నాలుగు కిలోల దాకా. ముప్పై ఏళ్ళ నాటి జిగురు ఆ పద్నాలుగు కిలోలు మోయాలి. మోయలేకపోతే అది ఎవరి తలమీద పడుతుందో చెప్పలేం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తక్కిన పనంతా దానంతటదే శ్రద్ధగా సాగుతుంది.

మొదటి శత్రువు ఆముదం. నవ్వకండి. ఈ ఇంజన్లు పెట్రోలు తాగవు. మిథనాల్, అందులో ఆముదం. ఎఫ్-3-డి పోటీల్లో వాడుతూ వచ్చిన ఇంధనం కొలత ప్రకారం 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు ఆముదం. చాలా నూనెలు మిథనాల్‌లో కలవవు, ఆముదం కలుస్తుంది. ఎంత వేడెక్కినా ఇనుముమీద పొరగా నిలుస్తుంది. కన్నడంలో హరళెణ్ణె అనండి, తమిళంలో విళక్కెణ్ణెయ్ అనండి, మరాఠీలో ఎరండేల్ అనండి, మన పొలాల్లో పండే ఆ నూనే విదేశాల్లో పందెపు ఇంజన్లను కాపాడింది. అయితే ఇంజను లోపల మిగిలిపోయిన ఆముదం ఏళ్ళు గడిచేకొద్దీ లక్కలాగా గట్టిపడుతుంది. పంఖా తిప్పితే కదలదు. బలవంతంగా తిప్పితే లోపలి కడ్డీ వంగుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి పట్టించి, రెండు చుక్కలు పల్చటి నూనె వేసి, కాసేపు ఆగి, చేత్తో మెల్లగా కదపాలి. వదులయ్యాక విప్పి బేరింగులు చూడండి. తిప్పుతుంటే గరగరమంటే తుప్పు పట్టినట్టే. మార్చడమే మంచిది.

ఇంజను నుంచి చిమ్మిన ఆ ఆముదమే చెక్కలోకీ ఇంకుతుంది. ఈ విమానాల్లో వాడేది బాల్సా చెక్క, ఎక్కువగా దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌నుంచి వస్తుంది. టేకు ఘనమీటరుకు 650 కిలోలు తూగితే, ఇది సుమారు 160. చేతిలోకి తీసుకుంటే మన కొండపల్లి బొమ్మల పొణికి కర్ర గుర్తుకొస్తుంది. నూనె తాగిన బాల్సా గోధుమరంగుకు తిరుగుతుంది, దానిమీద ఏ జిగురూ పట్టదు. అందుకని పైనున్న పాత ప్లాస్టిక్ పొరను, ఎంత అందంగా ఉన్నా సరే, ఒలిచి చూడవలసిందే. నూనె తక్కువగా ఉంటే టాల్కం పౌడరు చల్లి, పైన కాగితం వేసి, గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆనిస్తే పౌడరు పీల్చుకుంటుంది. రెండు మూడు సార్లు చేయాలి. ఇంజను బిగించే పలక దగ్గర చెక్క మెత్తబడి గోరు దిగుతుంటే మాత్రం ఆ ముక్క కోసేసి కొత్తది వేయండి.

ఇక్కడ రెండు హెచ్చరికలు. చాలా రెక్కల లోపల థర్మోకోల్ ఉంటుంది. పెయింటు థిన్నరు, పెట్రోలు, క్షణంలో అంటుకునే జిగుళ్ళు థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. బయటికి రెక్క బాగానే కనిపిస్తుంది, లోపల గుల్ల. రెండోది మిథనాల్. కల్తీసారా తాగి చూపు పోయినవారి సంగతి పత్రికల్లో చదువుతుంటాం. ఆ విషం ఇదే. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పగటి వెలుతురులో దాని మంట కనబడదు. పిల్లల చేతికి ఆ సీసా ఇవ్వకండి.

రెక్క రెండు ముక్కలూ మధ్యలో కలిసే అతుకును వేళ్ళతో నొక్కి చూడండి. కిర్రుమన్నా, గీత కనబడినా, పాత గుడ్డపట్టీ తీసేసి సన్నని ఫైబర్‌గ్లాసు పట్టీ, ఎపాక్సీతో కొత్తగా చుట్టాలి. ఎపాక్సీ పూశాక పాత కార్డుముక్కతో గీకి, మిగిలినదంతా తీసేయాలి. చాలామంది ఇక్కడ ఉదారంగా ఉంటారు. జిగురు ఎంత ఎక్కువైతే అంత బలం అనుకుంటారు. గుడ్డ తడిసినంతవరకే బలం, ఆ పైనది వట్టి మోత.

తూకం కథ ఇక్కడే మొదలవుతుంది. మన ఊళ్ళలో ఏతం చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. దూలం ఆనిన చోటునుంచి ఎంత దూరాన నిలబడితే మనిషి బరువు అంత పనిచేస్తుంది. విమానంలో ఆ ఆనే చోటు గరిమనాభి. తోక అక్కడికి సుమారు 60 సెంటీమీటర్ల వెనక, ఇంజను 20 సెంటీమీటర్ల ముందు ఉందనుకోండి. తోకకు 10 గ్రాముల జిగురు, రంగు ఎక్కువ పూశారా, ముక్కున 30 గ్రాముల సీసం కట్టాలి. విమానం 40 గ్రాములు బరువెక్కింది. మరమ్మతయ్యాక విమానం సరిగా ఎగరలేదని వాపోయేవారి తోకను తూచి చూడండి, సగం జవాబు అక్కడ దొరుకుతుంది. తోకమీద తాత పేరు మూడు పూతల రంగుతో రాయాలన్న ముచ్చట ఉంటే, ఆ పేరు ముక్కు దగ్గర రాయించండి.

క్వికీ తరహా రెక్క దీర్ఘచతురస్రం కనుక లెక్క సులువు. ముందంచునుంచి వెడల్పులో 25 శాతం, అంటే 63 మిల్లీమీటర్ల దగ్గర రెండువైపులా గీత పెట్టండి. పాత విమానం తొలి ఎగురుడుకు గరిమనాభి అక్కడ ఉండటం క్షేమం. అలవాటయ్యాక 76 దాకా, అంటే 30 శాతందాకా, కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుకోవచ్చు. వెనక్కి జరిపితే మలుపులు చురుగ్గా వస్తాయి. మరీ జరిపితే ముక్కు దానంతటదే పైకి లేస్తుంది, ఇక దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ముక్కు కాస్త బరువైతే దిగేటప్పుడు వేగంగా దిగుతుంది, అంతే.

తూచేటప్పుడు ఇంధనం ట్యాంకు ఖాళీగా ఉండాలి. ట్యాంకు గరిమనాభికి ముందుంటుంది. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ తూకం వెనక్కి పోతుంది. నిండు ట్యాంకుతో సరిచూసిన విమానం దిగే వేళకు తోకబరువుతో తిరగబడుతుంది. బ్యాటరీ, రిసీవరు, పంఖా, అన్నీ బిగించాకే తూచాలి. గీతల దగ్గర రెండు చూపుడువేళ్ళు ఆనించి ఎత్తితే ముక్కు ఒకింత కిందికి వాలాలి. తోక వాలితే సీసం కోసం పరుగెత్తకండి, ముందు బ్యాటరీ జరపండి. 100 గ్రాముల బ్యాటరీని 3 సెంటీమీటర్లు ముందుకు తోస్తే, ముక్కున 15 గ్రాముల సీసం కట్టినంత ఫలితం, బరువు పెరగకుండానే. అడ్డతూకం కూడా చూడాలి. సైలెన్సరు ఒక పక్కకే ఉంటుంది కదా. ముక్కునూ తోకనూ దారాలతో వేలాడదీసి, తేలికైన రెక్క కొసన గాలానికి కట్టే సీసపు గుండు చిన్నది పొదిగితే సరి.

పంఖాకూ తూకం ఉంది. ఇంజను నిమిషానికి 15,000 చుట్లు తిరుగుతుంది, సెకనుకు 250. తొమ్మిది అంగుళాల పంఖా ఒక కొసన గ్రాములో పదో వంతు ఎక్కువున్నా, సుమారు రెండు కిలోల తొమ్మిదివందల గ్రాముల లాగుడుతో అది ఇంజనును సెకనుకు 250 సార్లు కుదుపుతుంది. పాత అతుకులు ఊడటానికి అదొక్కటి చాలు. సన్నని కడ్డీమీద నిలిపి, వాలిన రెక్కను గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దండి. చిన్న బీట కనిపించినా ఆ పంఖాను విరిచి పారేయండి. విరవకపోతే ఎవరో ఒకరు మళ్ళీ తగిలిస్తారు.

రేడియో సంగతి క్లుప్తంగా. 27, 35, 72 మెగాహెర్ట్జ్ పాత సెట్లను జ్ఞాపకంగా దాచుకోండి. ఒకే చానలుమీద ఇద్దరు మీట నొక్కితే విమానం నేలకూలేది ఆ రోజుల్లో. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఆ బాధ లేదు. పాత నికెల్-కాడ్మియం బ్యాటరీ తీసేసేటప్పుడు దాని నల్లతీగ కొస విప్పి చూడండి. రాగి నల్లబడి ఉంటే ఆ తీగ, స్విచ్చి కూడా మార్చండి. తోకమీది పలకలు కదిలించి చూడండి. కీళ్ళలో, కడ్డీల్లో కాస్త వదులున్నా ఆ వేగంలో పలక జెండాలా కొట్టుకుని క్షణంలో ఊడిపోతుంది.

ఎగరేసే చోటు మరో ముఖ్య విషయం. వినోదానికి ఎగరేసే నమూనా విమానాలు కూడా 2021 డ్రోన్ నియమాల కిందికే వస్తాయి. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా చూపే ప్రభుత్వ పటం ఉంది. జక్కూరు దగ్గరో, హోసూరు దగ్గరో ఉన్నవారు ఆ పటం చూడకుండా బయలుదేరవద్దు. జాతరకు జనం చేరే మైదానం అసలు వద్దు.

తొలిరోజు ఇద్దరు వెళ్ళండి, ఒకరు మీటలకు, ఒకరు చుట్టూ చూడటానికి. సగం వేగంతో ఎత్తుకు తీసుకుపోయి, రెండు పెద్ద చుట్లు తిప్పి, ఇంజను తగ్గించి చూడండి. ముక్కు నెమ్మదిగా వాలితే తూకం కుదిరినట్టే. దించి, ఇంజను చల్లారకముందే రెక్క మధ్య అతుకునూ, ఇంజను బిగించిన మరలనూ మళ్ళీ చేత్తో తడిమి చూసుకోండి. మలుపులు, స్తంభాలు రెండో ఆదివారానికి ఉంచుకోండి.