ఏలు పడట్నేదమ్మా



'కన్యాశుల్కం' తొలి ముద్రణకు 1897లో గురజాడ ఇంగ్లిషులో ఒక ముందుమాట రాశారు. నాటకం కంఠస్థం చేసినవాళ్లు కూడా దాని జోలికి పోరు. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖ జిల్లాలో మూడేళ్లపాటు సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన ఆడపిల్లను డబ్బిచ్చి కొనుక్కునే శుల్కం పెళ్లిళ్ల జాబితా తీయించారు. దొరికినంతలో 1034. ఏడాదికి సగటున 344. గురజాడ అక్కడితో ఆగలేదు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, మూడేళ్లవాళ్లు 36, ఏడాది పసికందులు ముగ్గురు అని వయసులవారీగా విడదీసి చూపించారు. ఆ ముగ్గురి ఖరీదు తలా 350 నుంచి 400 రూపాయలు. 344 అన్న అంకె చదివి ఎవరికీ నిద్ర చెడదు. ఆ ముగ్గురి సంగతి అలా కాదు.

సగటు దాచేసే మనుషులను చూడటానికి ఇప్పుడు పలాస వెళ్దాం. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు పట్టభద్రులైన మీలో చాలామంది ఇంట్లోనే చూసుంటారు. పెంకులోని నూనె తగిలి చర్మం కాలి, వేళ్ల కొసలు నల్లబడి, గీతలు అరిగిపోతాయి. ఆ వేలు రేషన్ మిషన్ మీద పెడితే "ఏలు పడట్నేదమ్మా, తుడిసి మళ్లీ ఎట్టు" అంటాడు డీలరు. మిషన్ బాగానే ఉంది. ముద్ర ఎంతవరకు సరిపోలితే ఒప్పుకోవాలో ఎక్కడో ఎవరో ఒక హద్దు పెట్టారు. హద్దు బిగిస్తే అసలు మనిషే వెనక్కి పోతుంది, సడలిస్తే ఇంకొకరి వేలూ చెల్లిపోతుంది. రెండు తప్పుల్లో ఏది ఎక్కువ నష్టమో గణితం చెప్పదు, మనమే తేల్చుకోవాలి. సాక్ష్యం ఎంతుంటే చాలన్నది, పొరబడితే జరిగే నష్టాన్ని బట్టి ఉంటుందని అమెరికన్ తత్వవేత్త రిచర్డ్ రడ్నర్ 1953లోనే వాదించాడు. నిర్ణయ సిద్ధాంతంలో సూత్రాలన్నీ తీసేస్తే మిగిలే ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

నూటికి రెండే పొరపాట్లనుకుందాం. ఫరవాలేదనిపిస్తుంది. ఆ రెండూ నెలనెలా జీడి కార్ఖానా వాళ్ల మీదే పడుతుంటే?

ఇది వేలిముద్రల మాటే కాదు. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వెళ్లి చూడకుండా కంప్యూటర్ పరిశీలనతోనే తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో కోర్టు చెప్పింది. అర్హులైన వాళ్లకు ఈలోపు పోయిన బియ్యం మాటేమిటి?

మీలో కొందరు ఇలాంటి హద్దులు పెట్టే ఉద్యోగాల్లోనే చేరతారు. కచ్చితత్వం ఎంతని అందరూ అడుగుతారు, ఎవరి విషయంలో ఎంతని అడిగేవాళ్లు అరుదు. తిరస్కరించిన దరఖాస్తులను మండలాల వారీగా, చేసే పని వారీగా ఒకసారి పేర్చి చూడండి. పలాస వరస మిగతావాటికంటే పొడుగ్గా కనిపిస్తే, ఆ కాగితం పట్టుకుని హద్దు పెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లండి.