ఉరుమునకు గాలిని ఛేదించు శక్తి గలదా?



ఈ రజతోత్సవమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను భారతమునుండి ఏదైన ఘట్టమును చెప్పుదునని పెక్కురు తలచియుందురు. నేనును అట్లే తలచితిని. కాని మన పఠనమందిరములో ప్రశ్నలు వ్రాయుటకై ఉంచిన పుస్తకమున ఒక విద్యార్థి వ్రాసిన ప్రశ్న నన్ను పది దినములుగా విడువకున్నది. “ఉరుము యొక్క ధ్వనిచేతనే గాలి పగిలి పిడుగు పుట్టుచున్నదా? ధ్వనితరంగములు గాలిలోని వాయువులను అయనీకరణము చేయగలవా?” అని ఆ బాలుని ప్రశ్న. భారతము ఎక్కడికిని పోదు. నేడు దీనినే విచారింతము.

మొదట ఆ పెద్ద మాట సంగతి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ఆమ్లజని. వీని అణువులలో ఎలక్ట్రానులు అను సూక్ష్మకణములు బంధింపబడియున్నవి. వానిలో నొకదానిని ఊడబెఱికినచో మిగిలిన అణువు విద్యుదావేశము గలదగును. దానినే అయాను అందురు, ఊడబెఱుకుట అయనీకరణము. అయానులును, విడివడిన ఎలక్ట్రానులును విస్తారముగ నున్నప్పుడే గాలి విద్యుత్తునకు దారి యిచ్చును. పిడుగు నడచు బాట అదియే.

‘ఉరుము ఉరిమి మంగలము మీద పడ్డట్టు’ అని మనకొక సామెత గలదు. తప్పొకరిది, దండన మఱియొకరికి అయినప్పుడు దానిని వాడుదుము. ఆ సామెతలో పడునది ఉరుము. నిజమునకు పడునది పిడుగు. ఉరుము ఇంతవఱకు ఎవ్వరిమీదను పడలేదు. ఆ బాలుని ప్రశ్నకు మూలము ఈ సామెతయే కావచ్చును.

మన తార్కికులు శబ్దమును ఆకాశగుణమనిరి. అది వ్యాపించు విధమునకు మాత్రము రెండు చక్కని న్యాయములు చెప్పిరి. చెఱువులో అల వెనుక అల పుట్టినట్లు అనునది వీచీతరంగ న్యాయము. కడిమిమొగ్గ అన్ని దిక్కులకు ఒక్కసారి విచ్చుకొనినట్లు అనునది కదంబముకుళ న్యాయము. తర్కసంగ్రహము రచించిన అన్నంభట్టు మన ఆంధ్రుడగుట మనకు గర్వకారణము. శబ్దమును మోయునది గాలి యని 1660లో రాబర్టు బాయిలు చూపెను. గాజుపాత్రలో గడియారమునుంచి గాలిని తోడివేయగా దాని చప్పుడు అణగిపోయెను. ఆకాశగుణమను మాట నిలువలేదు గాని, అల అను పోలిక నేటికిని నిలిచియున్నది.

ఆ పోలికయే మనకు సమాధానమును చూపును. అల సాగిపోవుచున్నను నీటిమీది ఆకు ఉన్నచోటనే ఊగుచుండును గదా! గాలియు నంతే. చెవులు భరింపలేని 120 డెసిబెల్‌ల ధ్వనిలో సైతము గాలికి కలుగు ఊపు సెకనుకు సుమారు 5 సెంటీమీటర్లు, చీమనడక వంటిది. ధ్వని లేనప్పుడు కూడ గాలి అణువులు తమంతట తాము సెకనుకు సుమారు 500 మీటర్ల వేగమున పరుగెత్తి ఒకదానినొకటి ఢీకొనుచునే యున్నవి. అట్టి తాకిడులకే చలింపని ఎలక్ట్రాను చీమనడకకు చలించునా?

లెక్కల మనిషిని గనుక ఒక లెక్క చెప్పక విడువజాలను. సాధారణపు వేడిమిలో గాలి అణువునకు గల సగటు చలనశక్తిని ఒక రూపాయి యనుకొందము. నత్రజని అణువునుండి ఎలక్ట్రానును విడిపించుటకు 15.6 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కావలెను. అది మన రూపాయలలో సుమారు నాలుగు వందలు. ఆమ్లజనికి కొంత తక్కువ, సుమారు మూడు వందల ఇరువది. ఇక ఆ 120 డెసిబెల్‌ల ధ్వని గాలిని నొక్కినప్పుడు దాని వేడిమి ఒక డిగ్రీలో అఱువదియవ వంతు మాత్రమే పెరుగును. అనగా ఒక్కొక్క అణువు సంచిలో పడునది పైసాలో నూరవ వంతు కూడ కాదు. పైగా ధ్వని తన శక్తినంతయు ఒక్క అణువునకు కట్టిపెట్టదు. లెక్కకందని అణువులకు సమముగ పంచివేయును. ఊరందఱికి పంచిన దానముతో ఒక్కని అప్పు తీరునా?

“ఇంకను పెద్ద ధ్వని యైనచో?” అని మీరడుగవచ్చును. దానికొక హద్దు గలదు. సుమారు 194 డెసిబెల్‌ల వద్ద అల పల్లములో గాలి పీడనము శూన్యమునకు దిగును. అంతకంటె దిగుటకేమియు లేదు. అప్పుడు అల శిఖరమున పీడనము రెండింతలైనను అక్కడి వేడిమి 84 డిగ్రీలే. నీరు మరుగుటకైనను చాలదు. అయనీకరణమునకు వేల డిగ్రీలు కావలెను.

ఆ హద్దు దాటినది ధ్వని కాదు, ఆఘాత తరంగము. అది అణువులను ఊపి విడువదు, గోడవలె వచ్చి మోదును. 1969లో చంద్రుని నుండి మరలివచ్చిన అపోలో నౌక సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగమున వాయుమండలమున దూరినప్పుడు, దాని ముందరి గాలి అట్టి మోదుడుకే అయనీకరణము చెందెను. అందుచేత కొన్ని నిమిషములు రేడియో మూగవోయెను. ద్రవములో మఱియొక వింత. 1934లో జర్మనీ దేశపు కొలోను నగరమున ఇద్దఱు శాస్త్రజ్ఞులు నీటిలోనికి ధ్వనిని పంపగా సన్నని వెలుగు పుట్టెను. ధ్వని నలిపిన బుడగలు ఒక్కుమ్మడిగ కూలి, లోపలి వాయువు మండునంత వేడెక్కుటయే దానికి కారణము. గంధకామ్లములోని అట్టి బుడగలో అయానులు గల ప్లాస్మా ఏర్పడుచున్నదనుటకు 2005లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు సాక్ష్యము చూపిరి. సముద్రములో ఒక జాతి రొయ్య తన పట్టుకారు వంటి ముందుకాలిని చిటికె వేసి అట్టి బుడగనే పుట్టించును! అయితే ఇదంతయు ద్రవము చుట్టుముట్టి నొక్కుట వలన. మన తలమీది గాలిలో అట్టి నొక్కుడు లేదు.

ఇక ఉరుము. ఇచ్చట కార్యకారణములు తలక్రిందులైనవి. మేఘములోని విద్యుత్తు గాలిని అయనీకరణము చేసి దారి చేసికొనును. ఆ దారిలో వేడిమి సుమారు 30,000 డిగ్రీలకు పెరుగును. అది సూర్యుని ఉపరితలపు వేడిమికి అయిదింతలు. గాలి పేలినట్లు వ్యాకోచించును. ఆ పేలుడే ఉరుము. తండ్రి పిడుగు, బిడ్డ ఉరుము. వెలుగు ముందు వచ్చి, చప్పుడు కిలోమీటరుకు మూడు సెకనుల చొప్పున వెనుకబడును.

ఇది తెలియనందువలన నష్టము గలదు. మా చిన్ననాట మా పొలమున ఒక పెద్దకాపు ఉరుము విని “పిడుగు ఎక్కడనో పడిపోయినది, ఇక భయము లేదు” అని చింతచెట్టు క్రిందనే నిలిచెను. ఆయన విన్నది జరిగిపోయిన దాని చప్పుడు; మీదికి వచ్చుచున్న దానికి చప్పుడు లేదు. ఎద్దుల నిప్పుకొని వచ్చుటకు పోయినవారు ఆయనను మోసికొని వచ్చిరి. ఉరుము సామాన్యముగ పదునైదు కిలోమీటర్లు దాటి వినబడదు. పిడుగు అంత దూరము వచ్చి పడగలదు. కావున ఉరుము చెవికి సోకినచో మనము దాని పొలిమేరలోనే యున్నామని యెఱుగవలెను. పొలము విడిచి పక్కాయింటికి చేరవలెను; కడపటి ఉరుము తరువాత అరగంట వఱకు వెలికి రారాదు. ఉరుము వినగనే అర్జునుని పేర్లు తలచుట మన అలవాటు. విరాటపర్వమున ఉత్తరుడడుగగా అర్జునుడు చెప్పిన పది పేర్లవి, ధైర్యమునకు మంచివే. ఇంటిలో కూర్చుండి తలచుడు, చెట్టు క్రింద వలదు.

ఈ సమాధానమును ప్రశ్నల పుస్తకములో వ్రాసిన మఱునాడే ఆ బాలుడు దాని క్రింద మఱియొక ప్రశ్న వ్రాసెను. “గాలిని ఛేదించుటకు మీటరుకు 30 లక్షల వోల్టులు కావలెనని పుస్తకమున నున్నది. మేఘములలో కొలిచినది అందులో పదియవ వంతు మాత్రమేనట. అట్లైన మెరుపు ఎట్లు మొదలగును?” అని. దీనినిగూర్చి శాస్త్రజ్ఞులే ఇంకను వాదించుకొనుచున్నారు. ఆ పుట క్రింద కొంత ఖాళీ విడిచియుంచితిని.