మేల్కొను వేళ ఊపిరి



ఆపరేషను అనగానే అందరును అడుగు ప్రశ్న, "మత్తు సరిగా ఎక్కునా?" అని. మత్తు ఇచ్చు వైద్యునికి అంతే చింత మరొకటి గలదు. మేల్కొనునప్పుడు రోగి తన ఊపిరి తానే తీసికొనునా?

పెద్ద ఆపరేషనులలో కండరములను సడలించు మందు ఇత్తురు. 1942లో మాంట్రియల్‌లో డాక్టర్ హెరాల్డ్ గ్రిఫిత్ క్యురారేను ఇట్లు వాడి చూపెను. ఈ మందులు ఊపిరి తీయు కండరములను కూడ నిలిపివేయును. అందుచేత గొంతులో గొట్టము వేసి, యంత్రముతో గాని చేతి సంచితో గాని ఊపిరి అందించెదము.

కుట్లు ముగియగానే గొట్టము లాగివేయరాదు. విరుగుడు మందు ఇచ్చి, నోటిలోని కఫము తీసి, ఆక్సిజన్ బాగుగా పట్టించవలెను. రోగి కండ్లు తెరచి చెప్పిన మాట వినవలెను. తల ఎత్తి 5 సెకనులు నిలుపుట పాత పరీక్ష. కండరముల బలమును యంత్రముతో కొలుచుట అంతకన్న నమ్మదగినది.

నా ఉద్యోగపు తొలి దినములలో ఒక పెద్దాయన ఆపరేషను గదినుండి వచ్చి గట్టిగా గురక పెట్టుచుండెను. "హాయిగా నిద్రపోవుచున్నారు" అని ఇంటివారు సంతోషించిరి. నేనును అట్లే తలచితిని. అటు పోవుచున్న పెద్ద వయసు నర్సమ్మ ఆగి, రెండు చేతులతో ఆయన దవడను ముందుకు ఎత్తి పట్టెను. వెనుకకు జారిన నాలుక తొలగి, గురక ఆగెను. నల్లబడిన పెదవులు మరల ఎర్రబడెను. "డాక్టరు బాబూ, అది నిద్ర కాదు, ఊపిరికై పెనుగులాట" అని ఆమె అనెను. ఆ మాట నేను మరువలేదు.

మన హైదరాబాదుకును ఇందులో పాలు గలదు. 1888, 1889లలో నిజాము ప్రభుత్వ సహాయముతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారం కమిషనులు నడిపించెను. క్లోరోఫారము నేరుగా గుండెకు హాని చేయదన్న వారి తీర్మానము తరువాత తప్పని తేలినది. ఊపిరిని కనిపెట్టి యుండవలెనన్న బోధ మాత్రము నేటికిని నిలిచియున్నది.

మీరు చేయవలసినది కొంచెమే. గురక, ఉబ్బసము, పొగ అలవాటు వైద్యునికి దాచక చెప్పుడి. ఆపరేషనుకు ముందు ఏమైన తినినయెడల, తిట్టుదురని వెరచి దాచవద్దు. కడుపులోనిది ఊపిరితిత్తులలో పడిన ప్రాణాపాయము. ఆపరేషను తరువాత నర్సమ్మ చెప్పువరకు నీళ్లు పోయవద్దు, ఆక్సిజన్ మాస్కు తీయవద్దు. గురక వినబడినచో సంతోషింపక, వెంటనే నర్సమ్మను పిలువుడి.