ముందే చెప్పి ఉంచవలసిన మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు శ్రద్ధగా విన్నాము. పండుగపూట ఆసుపత్రి మాట ఎందుకని అనుకోవద్దు. ఆపద తిథివారాలు చూసి రాదు.

మా తండ్రిగారు స్పృహ లేక వెంటిలేటరుపై ఉన్నప్పుడు, కొనసాగించమంటారా అని డాక్టరు అడిగారు. విజయవాడనుంచి అన్నయ్య ఫోనులో కొనసాగించమన్నాడు. ప్రక్కనున్న మేము చాలన్నాము. నాన్నగారి మనసులో ఏమున్నదో ఎవరికీ తెలియదు. ఆయన పోయారు, ఆ సందేహం మాత్రం అన్నదమ్ముల మధ్య నేటికీ మిగిలి ఉన్నది.

దీనికి మార్గం కలదు. కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు ఏ చికిత్స వద్దో ముందుగా వ్రాసి ఉంచుకొనే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న అంగీకరించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. మేజిస్ట్రేటు సంతకం ఇక అక్కరలేదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీచేతగాని గెజిటెడ్ అధికారిచేతగాని ధ్రువీకరింపజేస్తే చాలు. మన తరఫున మాట్లాడవలసినవారి పేరు అందులో ఉండాలి. మనసు మారితే వ్రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. కాగితం ఉన్నదని వెంటనే చికిత్స ఆపరు. రెండు డాక్టర్ల బృందాలు పరీక్షించి ఒప్పుకోవాలి. మన కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది.

మన బిడ్డలు, తోబుట్టువులు తలొక ఊళ్ళో ఉన్నారు. అందరూ కలిసేది పండుగలకే. కనుక ఉగాది పచ్చడి తిన్న చోటనే కూర్చుని పెద్దలను అడుగుదాము, మన మాటా చెప్పుదాము. వ్రాసినది బీరువాలో దాచక, ఒక ప్రతి బాధ్యుల చేతికిద్దాము.