సూర్యుడూ సర్వే రాయీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు చదువు చెప్పిన అయ్యవార్లు ముగ్గురు ముందు వరుసలో కూర్చున్నారు. కాబట్టి దీన్ని ప్రసంగం అనుకోవడం లేదు, నలభై ఏళ్ళు ఆలస్యంగా అప్పజెబుతున్న పాఠం అనుకుంటున్నాను. తప్పులుంటే అక్కడే ఆపండి. బెంచీ ఎక్కమంటే మాత్రం మోకాళ్ళు ఒప్పుకోవు.

అంతరిక్ష వాతావరణం గురించి మాట్లాడతానని ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది. "జమ్మలమడుగులో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేరు, ఆకాశం అవతలి వాతావరణం చెబుతారా?" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. కానీ ఆ అవతలి వాతావరణం వల్లనే నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. అది చెప్పాలనే ఇక్కడికి వచ్చాను.

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు గండికోటలో మా పెదనాయన ఇంటి అరుగు మీద రేడియో ఉండేది. రాత్రిపూట సిలోన్ స్టేషను పాట స్పష్టంగా వచ్చేది, ఉన్నట్టుండి ఎవరో గొంతు నొక్కినట్టు లోపలికి పోయేది, మళ్ళీ పైకి తేలేది. బ్యాటరీలు అయిపోయాయని మేము వాటిని ఎండలో పెట్టేవాళ్ళం. మరుసటి రోజు సైన్సు అయ్యవారిని అడిగితే ఒక్క ముక్కలో చెప్పారు: "పైన గాలికి కరెంటు పట్టిన పొర ఒకటుందిరా. రేడియో అల దానికి తగిలి కిందికి దిగుతుంది. ఆ పొరకు యజమాని సూర్యుడు. ఆయన ఎట్లా ఉంటే నీ పాట అట్లా ఉంటుంది." పరీక్షలో అయనోస్ఫియర్ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. తర్వాత మరిచిపోయాను.

నాది సర్వే ఉద్యోగం. గొలుసుతో మొదలుపెట్టి, థియొడొలైటు, టోటల్ స్టేషను దాటి జీపీఎస్ దాకా వచ్చాను. తెలిసిన బిందువు మీద ఒక రిసీవరు పెడతాం, ఇంకొకటి కట్టెకు తగిలించి పొలంలో తిప్పుతాం. రెండూ రేడియోలో మాట్లాడుకుంటే రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో స్థలం చెప్పేస్తుంది. అంత ఖచ్చితం.

2014 మార్చి. జమ్మలమడుగు అవతల ఒక ఊళ్ళో అన్నదమ్ముల గట్టు కొలుస్తున్నాం. పగలు ఎండకు నిలబడలేక సాయంత్రం పని పెట్టుకున్నాం. పొద్దు గుంకింది, టార్చీలు వెలిగించాం. మరుసటి రోజుకు పని తేలాలని పైనుంచి ఒత్తిడి. ఏడున్నర దాటాక యంత్రం మొండికేసింది. అంకెలు నిలవవు, నిలిచినట్టే ఉండి జారిపోతాయి. రైతు పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. "ఏంది సారూ, మీ మిషనుకు గూడా రేచీకటి ఉందా?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. దొరికిన అంకె మీదే రాయి పాతించాను. పొద్దున్నే మళ్ళీ కొలిస్తే ఆ రాయి రెండు మూరలు తమ్ముడి పొలంలో ఉంది.

రెండు మూరలంటే మన సీమలో ఏమిటో ఈ సభకు నేను చెప్పనక్కర్లేదు. కత్తులు బయటికి రాలేదు కానీ, మాటలు చాలానే వచ్చాయి. కట్టె పట్టుకున్న కుర్రాడి మీద నేను విరుచుకుపడ్డాను. "సారూ, నేను కట్టె కదిలీలేదు" అని మూడుసార్లు చెప్పాడు. వినలేదు. మరుసటి రోజు నుంచి పనికి రావొద్దన్నాను.

ఏడాది తర్వాత హైదరాబాదులో ఒక శిక్షణ తరగతిలో తెర మీద ఒక గ్రాఫు చూపించారు. మన దక్షిణాన తిరునెల్వేలి, తుంబా ప్రాంతం మీదుగా భూమి అయస్కాంత మధ్యరేఖ పోతుంది. 1963లో తుంబాలో రాకెట్లు ఎగరేయడం మొదలుపెట్టింది అందుకే. పొద్దు గుంకాక ఆ రేఖ దగ్గర అయనోస్ఫియర్ అడుగున బుడగలు పుట్టి, నీళ్ళు కాగేటప్పటిలా పైకి లేచి మన వైపు వ్యాపిస్తాయి. వాటిలోంచి వచ్చే జీపీఎస్ సంకేతం నక్షత్రంలా మిణుకుమిణుకుమంటుంది. మార్చి, ఏప్రిల్, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువ. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్ళలో ఇంకా ఎక్కువ. 2014 అలాంటి ఏడే. రాత్రి ఏడున్నరకు గ్రాఫులో గీత పిచ్చెక్కినట్టు ఎగిరింది. నేను అక్కడే తల దించుకున్నాను. మా అయ్యవారి రేడియో పాఠమే అది, ఇంకేం కాదు.

ఆ కుర్రాడు అప్పటికే కువైట్ పోయాడు. నంబరు సంపాదించి ఫోను చేశాను. అంతా విని, "అప్పుడే చెప్తిని గదా సార్" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఈ సంగతులు పట్టుకుని చదువుతున్నాను. చదివిన కొద్దీ నన్ను ఆశ్చర్యపరిచింది సూర్యుడు కాదు, ఆయన్ను కావలి కాసే మనుషులు. గండికోట బురుజులు మీకు తెలుసు. పెన్న లోయ వైపు నిలబడినవాడికి ఊరి దారి కనపడదు. సూర్యుడి విషయమూ అంతే. మనకు రాత్రయితే మన దూరదర్శినికి పని లేదు. అందుకని 1995 నుంచి ఒకే రకం పరికరాన్ని ఆరు చోట్ల పెట్టి వంతులవారీగా చూస్తున్నారు: అమెరికాలో కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా, స్పెయిన్ దీవులు, చిలీ, మన ఉదయపూర్. ఒకచోట పొద్దు గుంకేలోపు ఇంకొకచోట తెల్లవారి ఉంటుంది. మచ్చల లెక్క బెల్జియంలో కడతారు. భూమి అయస్కాంతం ఎంత కలత పడిందో జర్మనీలో పోట్స్‌డామ్ వాళ్ళు ఒక సూచిక, జపాన్‌లో క్యోటో వాళ్ళు ఇంకొకటి తయారుచేస్తారు. దానికి ముడిసరుకు ఎన్నో దేశాల పరిశీలన కేంద్రాల నుంచి పోతుంది.

ఇది నిన్న మొన్నటి స్నేహం కాదు. 1957 జూలై నుంచి 1958 చివరి దాకా అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిపారు. అమెరికా, రష్యా ఒకరినొకరు కాల్చేసుకుంటామని బెదిరించుకుంటున్న రోజులవి. అయినా ఇద్దరూ కొలతలు పంచుకున్నారు. స్పుత్నిక్ ఎగిరింది ఆ సమయంలోనే. గట్టు తగాదా ఉన్న అన్నదమ్ములు కూడా బావి నీళ్ళు కలిసి వాడుకుంటారు కదా, అట్లా అన్నమాట.

మన వంతు చిన్నదేం కాదు. 1859 సెప్టెంబరులో వచ్చిన సౌర తుఫానుకు యూరప్, అమెరికాల్లో టెలిగ్రాఫు తీగలు షాకు కొట్టాయి. అది ఎంత పెద్దదో అంచనా కట్టడానికి 2003లో శాస్త్రవేత్తలు బయటికి తీసినవి బొంబాయి కొలాబా పరిశీలన కేంద్రం వాళ్ళు నూట నలభై ఏళ్ళ కిందట రాసి పెట్టిన అంకెలు. తర్వాత ఊళ్ళోకి కరెంటు ట్రాములు వస్తున్నాయని, సూదులు అదురుతాయని, ఆ కేంద్రాన్ని అలీబాగ్‌కు మార్చారు. మన తెలుగు నేల సంగతికొస్తే, హైదరాబాదులో ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళ అయస్కాంత కేంద్రం 1964 నుంచి నడుస్తోంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు పి.వి.ఎస్. రామారావు గారి బృందం 2004-05లో దేశమంతటా పెట్టిన జీపీఎస్ రిసీవర్లతో మన నెత్తిన ఉన్న అయనోస్ఫియర్‌ను లెక్కగట్టింది. విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థకు ఇలాంటి లెక్కలే పునాది. ఇక తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాలు వరుసగా నిలబెట్టిన రాడార్ ఉంది. నేను చూడడానికి పోయాను. చింతతోపులు, కొండలు, మధ్యలో ఇనుప మొక్కల మడి. తిరుమలకు పోయే మన పిల్లల్ని ఒకసారి అటు తిప్పుకొని రండి.

కరెంటుకూ దీనికీ ఏం సంబంధం అని ముద్దనూరు థర్మల్ ప్లాంటులో చేసే మన మిత్రుడొకడు అడిగాడు. 1989 మార్చి 13న కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు గ్రిడ్ ఒకటిన్నర నిమిషంలో కూలిపోయింది. 60 లక్షల మందికి తొమ్మిది గంటలు చీకటి. ధ్రువాలకు దూరంగా ఉన్నాం కాబట్టి మనకు ఆ భయం తక్కువ. ధ్రువాల వాళ్ళకు కరెంటు బాధ అయితే, మనకు జీపీఎస్ బాధ.

2024 మే 10, 11 తేదీల్లో ఇరవై ఏళ్ళలో ఎన్నడూ రానంత తుఫాను వచ్చింది. లడఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో మొక్కజొన్న విత్తే అదను అది. జీపీఎస్ తప్పి ట్రాక్టర్లు చాళ్ళు వంకర తీస్తుంటే రైతులు పని ఆపుకున్నారు. అదను పోతే ఏమవుతుందో మనకు తెలుసు కాబట్టి వాళ్ళ మీద జాలేసింది. అయినా వాళ్ళకు హెచ్చరిక ముందే అందింది.

ఆ హెచ్చరికలకు ఆధారం భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కావలి ఉన్న ఉపగ్రహాలు. ఇన్నేళ్ళూ అవి ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్ళవి. మనం ఉచితంగా వాడుకున్నాం. ఇది నాకు కొంచెం సిగ్గుగానే ఉండేది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్-1 ఎగిరింది, 2024 జనవరి 6న ఆ కావలి చోటికి చేరింది. అంత దూరం మాట్లాడడానికి యూరప్ అంతరిక్ష సంస్థ తన పెద్ద యాంటెన్నాలు ఇచ్చింది. సరిగ్గా ఏడాదికి ఇస్రో ఆ ఉపగ్రహం కొలతలను అందరికీ తెరిచింది. నా మటుకు నాకు ప్రయోగం కన్నా ఆ తెరవడమే పెద్ద పని అనిపిస్తుంది. కొలిచింది బీరువాలో పెట్టి తాళం వేసుకునే అలవాటు మన ఆఫీసుల్లో ఎంతుందో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి.

ఇది మళ్ళీ మార్చి నెల, మళ్ళీ మచ్చలు పెరిగిన ఏడాది. నా రిసీవరు కారులో తెచ్చాను. భోజనాలయ్యాక, రాత్రి ఏడున్నరకు, బడి మైదానంలో జెండా దిమ్మె పక్కన నిలబెడతాను. అంకెలు ఎగరవచ్చు, ఎగరకపోవచ్చు. చూడదలచిన పిల్లలు రండి. కట్టె పట్టుకోవడానికి ఒకరు కావాలి. ఎవరినీ తిట్టను.